బాత్రూములో పట్టపురాణి

బుక్కరాయసముద్రం దాటి ఎర్రమట్టి రోడ్డు మీద లోపలికి పోతే రాళ్లకొట్టాల అని ఒక ఊరు వస్తుంది. ఆ ఊళ్లో వనజాక్షి ఇల్లెక్కడ అని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూస్తారు. “చెనక్కాయలిచ్చి ఆకు తెచ్చుకున్నామె” అంటే మాత్రం పాలు తాగే పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నాలుగేళ్ల కిందట, విత్తనానికని దాచిపెట్టిన చెనక్కాయల మూటను మొగుడు ఈశ్వరప్పకు ఒక్క ముక్కయినా చెప్పకుండా, మొక్కల లారీ వేసుకొచ్చిన కేరళ మనిషి చేతిలో పెట్టింది. బదులుగా మూడాకుల ఆంథూరియం మొక్క ఒకటి తీసుకుంది. ముదురు పచ్చని మఖమల్ గుడ్డలాంటి ఆకు, దాని మీద తెల్లగా మెరిసే ఈనెలు. చూసిన నిమిషానే మనసు పారేసుకుంది. అంతకుముందు ఆమె దేనికీ అట్లా మనసు పారేసుకున్న మనిషి కాదు, పెళ్లిచూపుల్లో ఈశ్వరప్పను చూసినప్పుడు కూడా.

ఆ రోజు ఈశ్వరప్ప అరిచిన అరుపులు ఊరి చివర దాకా వినపడ్డాయి. మళ్లీ అప్పు చేసి విత్తనం తెచ్చి చల్లాడు. చినుకు రాలలేదు, గింజ మొలవలేదు. “ఆ ఏడు ఈ ఊళ్లో మొలిచింది నా ఇత్తనమొక్కటే” అని వనజాక్షి ఇప్పటికీ అంటుంది. ఈశ్వరప్ప ఇప్పటికీ పళ్లు నూరుతాడు.

అసలు ఆ మొక్క ఉండాల్సింది ఎక్కడ? ఎప్పుడూ ముసురు పట్టి ఉండే అడవుల్లో, పెద్ద చెట్ల నీడన. అనంతపురం గాలి ఎట్లాంటిదో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లు తడిబట్ట ఒకటి దండెం మీద వేసి చూసుకోవచ్చు, లోపలికి వెళ్లి వచ్చేసరికి అప్పడంలా అయిపోయి ఉంటుంది. ఆ గాలిలో వనజాక్షి ఇంటి వెనక పచ్చ షేడ్‌నెట్ కట్టి, చుట్టూ గోనెపట్టలు వేలాడదీసి, పొద్దున లేచింది మొదలు వాటిని తడుపుతూ ఆ మొక్కను బతికించింది. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు, ఆఖరికి స్నానం చేసిన నీళ్లు కూడా ఆ పట్టల మీదికే. సబ్బు నీళ్లు మొక్కలకు పడవని ఇంట్లో సబ్బు మాన్పించింది. “నేను సబ్బు రుద్దుకొని నాలుగేండ్లాయప్పా” అని ఈశ్వరప్ప టీ అంగట్లో చెప్పుకునేవాడు. వినేవాళ్లు కొంచెం జరిగి కూర్చునేవాళ్లు.

మొదటి మొక్కకు ఆమె పట్టపురాణి అని పేరు పెట్టుకుంది. దాని పిలకలు తీసి, ఫోటోలు పెట్టి, బెంగళూరు అపార్ట్‌మెంట్లవాళ్లకు కొరియర్లో పంపేది. కొందరితో మారకం పెట్టుకునేది, నా పిలకకు నీ ఫిలోడెండ్రాన్ ముక్క అని. అట్లా అట్లా ఇంటి వెనకంతా పెయింటు బకెట్లలో ఒక చిన్న అడవి తయారైంది. ఊరికి మాత్రం ఇది బొత్తిగా మింగుడు పడలేదు. కూరకు రాదు, కాయ కాయదు, తలలో పెట్టుకునేందుకు లేదు. “మేక కూడా మూతి తిప్పుకునే ఆకును దుడ్లిచ్చి కొనేవాళ్లు యాడుంటారే?” అని పక్కింటి మారెమ్మ ముక్కున వేలేసుకునేది.

ఈ ఏడు కూడా వాన మొహం చాటేసింది. చెనక్కాయ చేలు కాయ కట్టకముందే, ఊడలు దిగే దశలోనే మాడిపోయాయి. కరువు చూసి పరిహారం సంగతి తేల్చడానికి పైనుంచి బృందం వస్తోందని వ్యవసాయశాఖ కుర్రాడు రామాంజనేయులు కబురు తెచ్చాడు. వెంటనే మాజీ సర్పంచి కదిరప్ప అందరినీ పాలకేంద్రం ముందర పోగేశాడు. ఆయనకు ఇట్లాంటివి నడిపించడమంటే మహా సరదా. కొత్త మోటరుసైకిళ్లు కనపడకూడదన్నాడు. ఇస్త్రీ చొక్కాలు వద్దన్నాడు. బృందానికి చూపించేది ఈశ్వరప్ప చేను అని తేల్చాడు, ఎందుకంటే అంత బాగా మాడిన చేను ఇంకొకటి లేదు. ఈశ్వరప్పకు అది కూడా ఒక గౌరవంలాగే అనిపించింది. ఆఖరున కదిరప్ప వనజాక్షి వైపు తిరిగాడు.

“ఏమ్మా, ఊరంతా ఎండిపోయి కనపడతాండాది. నీ ఇంటెనక ఒక్కటే పెండ్లిపందిరి మాదిరి పచ్చగా ఉండాది. వాళ్ల కంట్లో పడిందంటే ఈ ఊళ్లో కరువు యాడుండాదప్పా అని కార్లు తిప్పుకొని పోతారు. అందరి నోట్లో మన్ను పడతాది.”

“ఎండలో పెడితే పూటకు సచ్చిపోతాయన్నా.”

“ఎండలో ఎవురు పెట్టమన్న్యారు? తడిగా ఉండే జాగాలో దాచు.”

రాళ్లకొట్టాలలో తడిగా ఉండే జాగా ఏది? వెతికి వెతికి చూస్తే బాత్రూములు తప్ప ఏమీ తేలలేదు. అట్లా వనజాక్షి అడవి ఇల్లిల్లూ పంచుకుపోయింది. మారెమ్మ ఇంటికి కొన్ని, టైలరు నాజ్‌నీన్ ఇంటికి కొన్ని, కదిరప్ప కొత్తగా టైల్స్ వేయించుకున్న బాత్రూముకు కొన్ని. ప్రతి ఇంట్లోనూ వనజాక్షి నిలబడి, తలుపు తెరవొద్దు, గాలి సోకనీయొద్దు, గోడల మీద నీళ్లు చిలకరిస్తాండు అని ఒకటికి పదిసార్లు చెప్పింది. “నా మనవరాలు పుట్టినప్పుడు డాక్టరమ్మ కూడా ఇన్ని చెప్పలేదు గదే” అని మారెమ్మ విసుక్కుంది.

పట్టపురాణిని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. అది ఇప్పుడు మనిషెత్తు అయింది, ఒక్కో ఆకు చాటంత ఉంది. ఈశ్వరప్ప, ఇంకో ఇద్దరు కలిసి దాన్ని సొంత బాత్రూములోకి చేర్చారు. మరుగుదొడ్డి కూడా అందులోనే కాబట్టి ఇక లోపల మనిషికి మిగిలింది కూర్చుని లేచే చోటు మాత్రమే. మర్నాడు ఊళ్లో ఎవరికీ స్నానాలు లేవు. “మంచిదే, కరువుకు తగినట్ల కనపడతారు” అని కదిరప్ప సంతోషించాడు.

బృందం ఆ మధ్యాహ్నానికి వచ్చింది. దానికి పెద్ద ఒక మేడం. ఢిల్లీ నుంచి వచ్చారు, నూలుచీర, నల్లకళ్లద్దాలు. పొద్దుట్నుంచి ఊరూరా చేలు తిరుగుతున్నారు, ఊరూరా మర్యాదకని ఇచ్చిన మజ్జిగ కాదనకుండా తాగుతున్నారు. ఈశ్వరప్ప తన చేన్లో ఒక మొక్క పెరికి వేర్లు చూపించాడు. ఈ ఘట్టంలో కళ్లనీళ్లు పెట్టుకోవాలని కదిరప్ప అతనికి రెండు రోజులుగా నేర్పించాడు. తీరా కాయ ఒక్కటీ లేని ఆ బోడి వేర్లు చేతిలోకి వచ్చేసరికి ఈశ్వరప్పకు ఏడుపు రాలేదు, వేర్లకంటుకున్న మట్టి దులుపుతూ ఉండిపోయాడు. 

అంతా సవ్యంగా జరిగిపోయింది. తిరిగి కార్ల దగ్గరికి వస్తూ మేడం రామాంజనేయులు చెవిలో ఏదో అడిగారు. సిగ్గుతో వాడి మొహం కందగడ్డయింది.

“మేడంగారు బాత్రూముకు పోవల్లంట” అన్నాడు.

ఊరి గుండె గుభేలుమంది.

“మా దాంట్లో నీళ్లు లేవు” అంది నాజ్‌నీన్, అందరికంటే ముందు.

“మా తలుపు ఇరుక్కపోయిండాది” అంది మారెమ్మ.

“మాకు బాత్రూమే లేదు మేడం” అన్నాడు కదిరప్ప. ఆయన వెనకాలే నీలిరంగు ట్యాంకు పెట్టుకుని బాత్రూము నిక్కి చూస్తోంది.

మేడం ఒక్కొక్క ఇంటి వైపూ ఆశగా చూసి, ఒక్కొక్క మాటా విని తల ఊపుతున్నారు. మొహం బిగుసుకుపోతోంది. ఆడమనిషి అవస్థ ఇంకో ఆడమనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? వనజాక్షి ముందుకొచ్చింది. పరిహారం గిరిహారం తరువాత అనుకొని, “మా ఇంటికి రా మేడం” అని చేయి పట్టుకొని తీసుకుపోయింది.

తలుపు మూసుకుంది. బయట మగవాళ్లంతా ఈశ్వరప్పను కొరకొర చూశారు. ఈశ్వరప్ప పెళ్లాన్ని చూశాడు. “కొంప ముంచితివి గదే” అన్నాడు గొంతు తగ్గించి. లోపల నీళ్ల చప్పుడయింది, ఆగింది. మేడం మాత్రం బయటికి రాలేదు. ఇంతసేపు లోపల చేసే పనేముంటుందా అని అందరూ మొహామొహాలు చూసుకున్నారు.

చివరికి తలుపు తెరుచుకుంది. మేడం మొహం కడుక్కున్నారు. నల్లకళ్లద్దాలు చేతిలో ఉన్నాయి. కళ్లు మాత్రం ఇంతలేసి అయ్యాయి. హిందీలో గబగబా ఏదో అడిగారు.

రామాంజనేయులు కదిరప్ప వైపు తిరిగాడు. “లోపలుండే మొక్క ఎవరిదని అడుగుతాండారు.”

“ఎవరిదీ కాదు మేడం” అన్నాడు కదిరప్ప తడుముకోకుండా. “అదే మొలిచింటాది.”

“పెయింటు బకెట్లోనా?” అని మేడం రామాంజనేయులు చేత అడిగించారు.

“ఈ పక్క అట్ల మొలుస్తాంటాయి మేడం.”

కరువు ఊళ్లో బాత్రూముల్లో అడవులు మొలుస్తాయని పైవాళ్లకు చెబుతున్న సంగతి ఆయనకు తట్టనే లేదు. మేడం వనజాక్షి వైపు తిరిగి, “నీదా?” అన్నట్టు వేలు చూపించారు. ఊరంతా వనజాక్షి నోటి వైపు చూసింది. నాజ్‌నీన్ కళ్లతోనే దండం పెట్టింది. ఆ నోట్లోంచి ఏ మాట వస్తే ఎన్ని ఇళ్ల పొయ్యి ఆరిపోతుందో వనజాక్షికి తెలుసు.

“నాది కాదు మేడం” అంది.

అనడమైతే అంది గానీ, కన్నబిడ్డను బజార్లో నిలబెట్టి ఎవరో తెలియదన్నట్టు ఆమె ప్రాణం విలవిల్లాడింది.

మేడం మొహం విచ్చుకుంది. రామాంజనేయులు తెలుగులో చెప్పాడు. “మేడంకు ఈ మొక్కంటే పిచ్చంట. ఢిల్లీలో మూడుసార్లు పెట్టినారంట, మూడూ పోయినాయంట. ఎవరిదీ కాకపోతే నేను తీసుకపోతానంటాండారు.”

“అంతకంటేనా!” అన్నాడు కదిరప్ప. గండం ఇంత తేలిగ్గా గట్టెక్కుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. “పట్టండప్పా, కార్లో పెట్టండి!”

నలుగురు ఉరికారు. పట్టపురాణి బకెట్టుతో సహా బయటికి వచ్చింది. వస్తూ వస్తూ ఒక ఆకు గుమ్మానికి ఒరుసుకొని పర్రుమని చీలింది. వనజాక్షి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కారు ఏసీ గాలికి గుత్తి చేరేలోపలే ఆకులు ముడుచుకుంటాయి, ఢిల్లీ చేరేసరికి కాడలు మిగులుతాయి.  ఆపమని అడగడానికి ఆ మొక్క తనదైతే కదా.

ఈశ్వరప్ప మొక్కను చూడటం లేదు, పెళ్లాన్ని చూస్తున్నాడు. ఆమె తిట్టడం చూశాడు, అలగడం చూశాడు, తనతో సరిసమానంగా గొంతు చించుకోవడం కూడా చూశాడు. ఇట్లా నోరు మూసుకొని నిలబడటం మాత్రం ఎన్నడూ చూడలేదు. అతనికి భయమేసింది.

“దించండప్పా కిందికి” అన్నాడు.

మోస్తున్నవాళ్లు ఆగిపోయారు.

“మేడం, అబద్ధం చెప్పినాం. ఆ మొక్క మాది. నా పెండ్లాం పెంచింది.”

కదిరప్ప తల పట్టుకొని గట్టు మీద కూలబడ్డాడు. రామాంజనేయులు నీళ్లు నములుతూనే హిందీలో చెప్పాడు. మేడం నవ్వు మాయమైంది. ఇంత పచ్చని మొక్క పెరిగే ఊళ్లో కరువేమిటని అడిగారు. అడగడంలో తప్పు లేదు, ఎవరైనా అదే అడుగుతారు.

“కరువుండాది మేడం” అన్నాడు ఈశ్వరప్ప. “ఇది బతకల్లంటే పొద్దున లేచినప్పట్నుంచి పొద్దు మునిగేదాకా మేమిద్దరం గోనెపట్టలు తడుపుతానే ఉండల్ల. బియ్యం కడిగిన నీళ్లు, మా స్నానం నీళ్లు, అన్నీ దీనికే. సబ్బు కూడా మానేసినాం. ఇద్దరు మనుషులు కిందామీదా పడితే ఇన్ని ఆకులు బతికినాయి. నాకు ఐదెకరాల చేనుండాది. దానిచుట్టూ కట్టేదానికి అన్ని గోనెపట్టలు యాడ తేవల్ల? దానికి సరిపడా ఎంతమంది స్నానం చేయల్ల? ఆ ఉపాయమేదో మీరు చెప్పండి. మీ దుడ్లు మాకొద్దు.”

ఎప్పుడూ తడబడే రామాంజనేయులు హిందీ ఆ రోజు ఎక్కడా తడబడలేదు. మేడం చీలిన ఆకును వేలితో సర్ది, ఇళ్ల అవతల మాడిన చేల వైపు చాలాసేపు చూశారు. ఈయన చెప్పిన మాటను చెప్పినట్టే రాస్తానన్నారు. తరువాత వనజాక్షి దగ్గరికి వచ్చి, ఒక పిలక ఇస్తావా అని కొంచెం మొహమాటంగా అడిగారు.

“ఇస్తా. ఏసీలో మాత్రం పెట్టగూడదు” అంది వనజాక్షి కళ్లు తుడుచుకుంటూ. ఆగి, “బదులుగా నువ్వేం పంపిస్తావు మేడం?” అని కూడా అడిగింది. గట్టు మీద కదిరప్ప మళ్లీ తల పట్టుకున్నాడు.

కార్లు వెళ్లిపోయాయి. ఊరు ఈశ్వరప్ప చుట్టూ మూగింది. ఇంత మాటకారివని ఇన్నాళ్లూ తెలియలేదే అని మారెమ్మ మెచ్చుకుంది. కదిరప్ప లేచొచ్చి, ఆ ముక్క తానే నేర్పించినట్టు భుజం తట్టాడు. ఈశ్వరప్ప మీసం సవరించుకొని, పెళ్లాం ఏమంటుందా అని ఓరకంట చూశాడు.

వనజాక్షి అతన్నే చూస్తోంది. కళ్లలో ఇంకా తడి ఉంది. ఇన్నేళ్ల కాపురంలో అతని మీద అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు. అయినా ఉన్నమాట ఉన్నట్టు అడగకుండా ఉండే మనిషా?

“ఇద్దరమా?” అంది.

“ఏమి?”

“మేమిద్దరం తడుపుతామని చెప్తివే. నాలుగేండ్లలో నువ్వు ఒక్క గోనెపట్టన్నా ముట్టినావా?”

మారెమ్మ ఫక్కున నవ్వింది. కదిరప్ప భుజం మీది చేయి తీసేశాడు. ఈశ్వరప్ప తప్పించుకునే దారి కోసం అటూ ఇటూ చూశాడు. ఎటు చూసినా ఊరివాళ్లే ఉన్నారు.

“ఆ మేడం రాసుకొని పోయింది గదా” అని గొణుక్కున్నాడు. “సర్కారుకు తప్పు రాయించగూడదు.”

పంచె ఎగగట్టి, నీళ్ల బకెట్టు అందుకొని ఇంటి వెనక్కి నడిచాడు.