శుక్రవారం మాత్ర

పీరాంబీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఆదోనిలో ఎముకల డాక్టరు గది ముందున్న బల్ల మీద కూర్చున్నప్పటి నుంచి నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లు కూర్చుంది. కొళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు తాగకుండానే తిరిగొచ్చింది. గోడ మీది బొమ్మలో పళ్లికిలించి నిలబడిన అస్థిపంజరాన్ని కిందికీ మీదికీ చూసి, మనసులోనే దానికో తిట్టు పడేసి, మళ్లీ కోడలి పక్కన చేరింది.

"ఇంగ ఎంతమంది ఉండారు మే?"

"ఐదు మంది అత్తా. ఇందాకనే సెప్పినా కదా."

"ఇందాక ఆరు మంది అన్న్యావు."

"ఒకరు లోపలికి పోయినారు కదత్తా!"

జాస్మిన్ ఓపిక గల పిల్ల. కాకపోతే పొద్దున ఐదింటికి యెమ్మిగనూరులో లేచి, వంట చేసి, పత్తి లారీల వెనక ఈడ్చుకుంటూ వచ్చిన బస్సులో నిలబడి వచ్చింది. పైగా ఇప్పటికి ఇదే ప్రశ్న ఏడోసారి. స్కాను పొద్దునే అయిపోయింది. ఆ కాగితమున్న పెద్ద కవరు ఆమె ఒళ్లో ఉంది. అత్తగారి చూపంతా దాని మీదే ఉంది.

"దాంట్లో ఏముందో సూడరాదా? ఇంటరు సదివినావు కదా."

జాస్మిన్ కాగితం బయటికి తీసి వేలు పెట్టి వెదికింది. "నడుము దగ్గర మైనస్ మూడు పాయింట్ ఒకటి."

"పోయిన సంవత్సరం ఎంతుండె?"

"మైనస్ రెండు పాయింట్ ఎనిమిది."

పీరాంబీ మొహం విచ్చుకుంది. "పెరిగింది! నేను సెప్పలా? రెండు ఉండేది మూడు అయ్యింది!"

"మైనస్ లో పెరిగితే తగ్గినట్టు అత్తా."

"అదేం లెక్క మే? పెరిగితే తగ్గేది యాడన్నా ఉంటాదా?"

జాస్మిన్ కాగితాన్ని మళ్లీ కవర్లో పెట్టి తల వంచుకుంది. ఆ తల వంచుకోవడం చూశాక పీరాంబీకి లెక్క అర్థమైంది.

కిందటేడు బట్టలుతికే బండ దగ్గర జారి, చెయ్యి ఆనించినందుకే మణికట్టు పుటుక్కున విరిగింది. ఇంత చిన్న దెబ్బకు విరగకూడదని డాక్టరమ్మ స్కాను తీయించింది. ఎముకలు బోలుపడ్డాయని, వారానికొక మాత్ర వేసుకోవాలని చెప్పింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఈ ఏడాదికి మీ పనులు చేసుకోండి. వచ్చే ఏడు స్కానులో ఇంకా తగ్గితే మాత్రం ముందుకు వంగే పనులన్నీ బంద్. పరుపులు కుట్టడం బంద్. నమాజు కూడా కుర్చీలోనే" అనింది.

పరుపుల సంగతి పీరాంబీకి పట్టలేదు. యెమ్మిగనూరులో ఆమె మొగుడు రసూల్ సాబ్ పరుపుల కొట్టు అంటే పీరాంబీ సూదే. నలభై ఏళ్లు దూది మీద వంగి వంగి కుట్టింది. ఇక కుట్టకపోతే పీడా పోయిందనుకుంటుంది. కానీ కుర్చీ అనేసరికి ఆమె ప్రాణం విలవిల్లాడింది. మొగుడితో చెప్పినా అర్థం కానివి, కొడుకుతో చెప్పకూడనివి, తనకే సిగ్గనిపించేవి అన్నీ ఆమె సజ్దాలోనే చెప్పుకునేది. నుదురు నేలకు ఆనితేనే ఆమెకు మాట వచ్చేది. చదువు లేని మనిషి, అరబ్బీలో నేర్చినవి నాలుగు సూరాలు. మిగిలిందంతా తెలుగులోనే, నేలకు నోరు దగ్గరగా పెట్టి, గుసగుసగా చెప్పేది. కుర్చీలో దర్జాగా కూర్చుని దేవుడితో మాట్లాడటం ఏమిటి? ఆయన ముందర కాలు మీద కాలేసుకున్నట్టుండదూ?

కాబట్టి ఎముక గట్టిపడాలి. అందుకే మొదట్లో మాత్ర మీద ఆమెకు ఎక్కడలేని భక్తి. పరగడుపున మింగాలి, నిండు గ్లాసు నీళ్లు తాగాలి, అరగంట దాకా ఏమీ తినకూడదు, పడుకోకూడదు. డాక్టరమ్మ చెప్పింది జాస్మిన్ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. పీరాంబీ తెలివైనదే. ఆ అరగంట ఊరికే కూర్చోవడం దేనికని, శుక్రవారం తెల్లవారుజామున కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కుని వజూ చేసుకుని, మాత్ర మింగి, అటునుంచటే ఫజర్ నమాజుకు నిలబడింది. పరగడుపూ అయింది, పడుకోకుండా ఉన్నట్టూ అయింది, నమాజూ అయింది. ఒక్క దెబ్బకు మూడు పనులు.

మొదటి శుక్రవారం సజ్దాలో రొమ్ము మంట పుట్టింది. రెండో శుక్రవారం గొంతుదాకా వచ్చింది. మూడో శుక్రవారం నిప్పుకణిక మింగినట్టయి, సజ్దా సగంలో లేచి గోడ పట్టుకుని కూర్చుంది. నలభై ఏళ్లలో ఆమె సజ్దా మధ్యలో వదిలింది ఆ ఒక్క రోజే. పక్కింటి సుభద్రమ్మ కూడా అదే మాత్ర మింగుతుంది. ఆమెకు మంటా లేదు, మన్నూ లేదు. మింగి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తుంది. అయితే లోపం మాత్రలో లేదు, తన ఈమాన్ లోనే, దేవుడి మీద నమ్మకంలోనే ఉందని పీరాంబీ అనుకుంది. ఆ మాట ఎవరితో చెప్పగలదు? మంట అని నోరు తెరిస్తే డాక్టరమ్మ ఏమంటుందో తెలుసు. కుర్చీ అంటుంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, సజ్దా నిలుపుకుందామని మింగే మాత్ర సజ్దానే చెడగొడితే ఎట్లా? నాలుగో శుక్రవారం నుంచి ఆమె మాత్ర మింగలేదు. జాస్మిన్ మాత్ర చేతికిచ్చి పొయ్యి దగ్గరికి పోగానే, నీళ్లు మాత్రం తాగి, మాత్రను కొంగులో ముడేసుకునేది. పగలు కొట్టులో కుట్టు మీదున్న పరుపు దూదిలోకి దాన్ని వేలితో తోసేసి పైన కుట్టు వేసేది. ఏడాదిలో యెమ్మిగనూరులో ఎన్ని పెళ్లిళ్లయ్యాయో అన్ని మాత్రలు అట్లా వెళ్లిపోయాయి. ఆ పరుపులకు ఎముకలంటూ ఉంటే ఈపాటికి ఉక్కులా ఉండాలి.

బదులుగా నల్లేరు పచ్చడి మొదలుపెట్టింది. విరిగిన ఎముక అతికించే తీగ అది, మాత్ర ఎంత దాని ముందు? వారానికి రెండుసార్లు చేయించుకుని, దురదకు నాలుక పట్టేసినా మింగింది. ఇక ఏడాది నల్లేరు మీద బండిలా నడిచిపోతుందనుకుంది.

ఫోను మోగింది. కొట్టులోంచి కొడుకు హారూన్. జాస్మిన్ అంకె చెప్పింది. అవతలి గొంతు పెద్దది, హాలహర్వి నుంచి వచ్చి బల్ల చివర కూర్చున్న ఒక ముసలాయనకు కూడా వినపడింది.

"తగ్గిందా? అదెట్ల తగ్గుతాది? వారం వారం మాత్ర సరిగ్గా ఇచ్చినావా నువ్వు?"

"ఇచ్చినా."

"ఏం ఇచ్చినావో! అమ్మకైతే సదువు రాదు, నీకు వచ్చు కదా. ఆ ఒక్క పని నీకప్పజెప్తే దాన్నీ గంగలో కలిపినావు."

"ఒక్క శుక్రవారం కూడా మర్సిపోలేదు" అని జాస్మిన్ మెల్లగా అనింది. అప్పటికే అతను పెట్టేశాడు. ఆమె ఫోను సంచిలో వేసుకుని, సంచి జిప్పు లాగి, మళ్లీ తీసి, మళ్లీ లాగింది.

పీరాంబీ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. నోటిదాకా వచ్చింది. చెబితే? మంట సంగతి చెప్పాలి, మంట చెబితే సజ్దా సంగతి చెప్పాలి. కుర్చీ వచ్చి వాకిట్లో కూర్చుంటుంది. డాక్టరమ్మ కాగితం చూసి ఏమంటుందో, ఒకవేళ పరవాలేదు అంటుందేమో, అప్పుడు చెప్పొచ్చు. కోడలు ఒక గంట మాట పడితే ఏమవుతుంది? ఇట్లా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నోరు విప్పలేదు. అంతలో లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ కాగితం చూసి నొసలు చిట్లించింది. పొద్దున తీసిన ఎక్స్ రే ఫిల్మును వెలుగులో పెట్టి పెన్ను కొసతో చూపించింది. "ఈ వెన్నుపూస చూడండి. పక్కవన్నీ పెట్టెల్లా ఉన్నాయి, ఇది ముందువైపు అణిగిపోయింది. నడుము నొప్పి రాలేదా?"

"రంజాను అయినాక పది దినాలు పట్టుకునింది మేడం. వాయువు అనుకున్న్యా."

"వాయువు కాదమ్మా, పూస విరిగింది." డాక్టరమ్మ జాస్మిన్ వైపు తిరిగింది. "మాత్రలు తప్పకుండా వేసుకున్నారా?"

"ఒక్కటి కూడా తప్పలేదు మేడం. నా సేతులతో ఇచ్చినా." జాస్మిన్ మాట గట్టిగానే వచ్చింది.

"అయితే ఈ మందు ఈమెకు పని చెయ్యడం లేదు. ఇక రోజూ పొట్టకు వేసుకునే సూది ఉంది, ఏడాదిన్నర పైనే వాడాలి..." అంటూ డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది.

నర్సు హులిగమ్మ పీరాంబీ జబ్బకు బీపీ పట్టీ చుడుతోంది. ఆ మాత్ర మింగే ప్రతి మనిషినీ అడిగినట్టే ఈమెనూ అడిగింది. "మింగినాంక మంట గింట ఏమన్నా వస్తాండ్యా పెద్దమ్మా?"

"ఎవురు సెప్పినారు నీకు?" అని పీరాంబీ ఉలిక్కిపడింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. హులిగమ్మ చెయ్యి ఆగింది. డాక్టరమ్మ పెన్ను ఆగింది. జాస్మిన్ అత్తగారి మొహంలోకి చూసింది. ఆ చూపుకు పీరాంబీ తట్టుకోలేకపోయింది.

"ఆ పిల్ల తప్పేం లేదు మేడం. అది ఇస్తానే ఉండె. నేనే మింగలా. మూడు వారాలు మింగినా, అంతే. మింగి నమాజుకు నిలబడితే, సజ్దాలోకి పోతానే రొమ్ములో అగ్గి పెట్టినట్ల ఉండె. ఎట్ల సేసేది? మాత్ర వదిల్తినే గానీ సజ్దా వదలలేకపోతి."

"మరి ఆ మాత్రలన్నీ యాడ పడేసినావు?" అని హులిగమ్మ అడిగింది.

"పడేయలేదు. పరుపుల్లో పెట్టి కుట్టినా."

హులిగమ్మకు నవ్వు ఆగలేదు. డాక్టరమ్మ నవ్వలేదు. జాస్మిన్ అసలు కదల్లేదు.

"పడుకోవద్దని చెప్పాను, వంగొద్దని చెప్పలేదు" అని డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "నేను విడమరిచి చెప్పాల్సింది. మింగిన వెంటనే వంగితే ఆ మాత్ర వెనక్కి తన్ని గొంతుగొట్టాన్ని కాలుస్తుంది. ఎవరినైనా కాలుస్తుంది. ముందు నమాజు చేసుకుని, తర్వాత మాత్ర మింగి అరగంట కూర్చుంటే ఏ మంటా ఉండేది కాదమ్మా."

"అంతేనా?"

"అంతే."

పీరాంబీ ఆశగా ముందుకు జరిగింది. "అయితే ఈ శుక్రవారం నుంచి అట్లనే సేస్తా మేడం. నమాజు ముందర, మాత్ర ఎనక. ఒక్కటి కూడా తప్పను. నా కొడుకు మీద ఒట్టు."

"మందుకేం, ఇప్పుడైనా ఉంది. గొంతు కాలింది కాబట్టి ఇక మాత్ర వద్దు, ఏడాదికొకసారి నరానికి ఎక్కించేది ఉంది, రక్తపరీక్ష చూసి అది పెడదాం. కానీ ఈ పూస మళ్లీ లేవదు. మీరు వంగిన కొద్దీ దాని పైదీ కిందిదీ కూడా అణుగుతాయి. నేల మీద నమాజు ఇక వద్దు. కుర్చీలో చేసుకోండి."

"ఎన్ని దినాలు?"

డాక్టరమ్మ ఫిల్మును కవర్లో పెట్టింది. "దినాలు కాదమ్మా" అనింది.

బయటికొచ్చాక జాస్మిన్ కొళాయి దగ్గర నీళ్ల సీసా నింపింది, చీటీలు మడిచింది, కళ్లు తుడుచుకుంది. హారూన్ మళ్లీ ఫోను చేస్తే పీరాంబీయే లాక్కుంది. "నేనే మింగలేదురా. నీ పెండ్లాం దేవతరా. ఇంగోసారి దాని మీద అరిస్తే నీ కొట్టుకొచ్చి అందరి ముందరా నీ సెవి పిండతా" అని కట్ చేసింది. జాస్మిన్ మొహం కొంచెం కూడా మారలేదు.

ఎక్కడో మధ్యాహ్నపు జుహర్ నమాజుకు పిలిచే అజాన్ వినపడింది. పీరాంబీ వజూ చేసుకుంది. హులిగమ్మ ఎక్స్ రే గది పక్కన మనుషులు తిరగని మూల చూపించి, అడక్కుండానే ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. పీరాంబీ దాని వైపు చాలాసేపు చూసింది. పక్కనున్న నేలను చూసింది. తుడిచిన నేల, రెండడుగుల దూరం. ఎవరు చూస్తారు, ఒక్కసారి వంగితే ఏమవుతుంది అనుకుంది. వెనక్కి తిరిగితే జాస్మిన్ గోడకానుకుని కళ్లార్పకుండా తననే చూస్తోంది.

కుర్చీలో కూర్చుంది. చేతులు కట్టుకుంది. రుకూకు కొంచెం వంగింది, సజ్దాకు ఇంకొంచెం వంగింది. నుదురు గాలిలోనే ఆగిపోయింది. చెప్పుకోవాల్సింది కొండంత ఉంది. ఏడాదిగా చేసిన మోసం, కోడలు పడ్డ మాట, తన మొండితనం. నేల అందక ఒక్కటీ నోటికి రాలేదు. సలాం చెప్పి నమాజు ముగించి అట్లాగే కూర్చుండిపోయింది. కన్నీళ్లు వాటంతటవే కారుతున్నాయి.

జాస్మిన్ వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నాకు ఒక్క మాట సెప్పింటే సాలు కదత్తా" అనింది. గొంతులో కోపం ఇంకా పోలేదు. "పొద్దున లేస్తే నీ పక్కనే కదా ఉంటా. ఏం, నాకు సెప్పుకోకూడదా?"

పీరాంబీ చేతిని కిందికి చాచి కోడలి తల మీద పెట్టింది.

"భయమైంది మే" అనింది. "కుర్చీ అంటే శానా భయమైంది."

ఆ ఒక్క మాటతో మొదలుపెట్టి, బస్సు వేళ దాటిపోతున్నా ఆపకుండా, అన్నీ చెప్పింది.