ఇరవై అయిదు అంగుళాలు

నేను ఒక ఇనుప బీరువాను. నా ఎత్తు ఆరున్నర అడుగులు, లోతు పంతొమ్మిది అంగుళాలు. లోతు గుర్తుంచుకోండి, ఈ కథలోని నేరమంతా ఆ కొలతలోనే ఉంది.

తెనాలిలో మస్తాన్ అనే పనివాడు నన్ను చేశాడు. చివరి పూత ఆరాక అరచేత్తో చరిచి, "ఇల్లు కాలినా ఇందులో కాగితం కాలదు" అన్నాడు. మనుషులు కాగితాల గురించి అంత ముందుగా ఆలోచిస్తారు. భ్రమరాంబ టీచరుగారి పట్టుచీరలకూ దస్తావేజులకూ ముప్పై ఏళ్లు కాపలా కాశాను. ఆవిడ పోయాక తమ్ముడు వెంకటరాముడుగారు విజయవాడలోని తన మూడో అంతస్తు ఫ్లాటుకు నన్ను తెచ్చుకున్నారు.

ఒకనాడు వాస్తు చూసే ఆయన వచ్చి నా వైపు వేలు చూపాడు. "ఈశాన్యంలో ఇంత బరువా? ఇక కలిసొచ్చేదేముంది?"

నైరుతిలో కొత్త మంచం ఉంది. కాబట్టి నన్ను ఫ్లాటు బయట అందరూ నడిచే వరండాలోకి, మెట్ల దారికి అడ్డంగా నెట్టారు. వెంకటరాముడుగారు ఇంజనీరుగా రిటైరైన మనిషి. దిక్కులన్నీ లెక్కవేసి, బయటపడే దిక్కును మరిచిపోయారు.

ఆ వరండా వెడల్పు నలభై రెండు అంగుళాలు. నేను పోగా మిగిలింది ఇరవై మూడు. వరండా రెండో చివర, లిఫ్టు ఎదుట, చక్రాల కుర్చీలో కూర్చుని జాకెట్లు కుట్టే రాజ్యం ఉండేది. మర్నాడే టేపు పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ ఇంటిల్లిపాది కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయి. నా కొలత ఒక్కటి మీరు రాసుకోండి. నా కుర్చీకి ఇరవై అయిదు కావాలి."

"రెండు రోజులేనమ్మా, మనుషుల్ని పిలిపిస్తున్నా. అయినా లిఫ్టు నీ గుమ్మంలోనేగా, మెట్లతో నీకేం పని?"

ఆ రెండు రోజులు ఏడు నెలలయ్యాయి.

ఒక ఉదయం లిఫ్టు పక్క ఫ్లాటులో ఏసీ అంటుకుంది. కరెంటు తీసేశారు, లిఫ్టు ఆగింది. పొగ వరండా నిండింది. వాచ్‌మన్ కోటయ్య రాజ్యం కుర్చీని పరుగున తోసుకొచ్చాడు. కుర్చీ నాకూ గోడకూ మధ్య ఇరుక్కుంది. నన్ను నెట్టబోయాడు. నిండా ఇత్తడి సామానుతో నేను కదల్లేదు.

"కుర్చీ వదిలెయ్, కోటయ్యా. నన్నెత్తుకో."

ఎత్తుకున్నా, ఇరుక్కున్న కుర్చీ వల్ల దాటే సందు లేదు. కుర్చీని వెనక్కి లాగి, ఆమెను భుజాన వేసుకుని నన్ను దాటడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాలూ ఆమె పీల్చింది పొగే. ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు దక్కలేదు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించేలోపు మూడుసార్లు దగ్గుతుంది.

ఫ్లాట్ల సంఘం సమావేశమై సానుభూతి తెలిపింది. విధి అన్నారు. విధి లోతు పంతొమ్మిది అంగుళాలని ఒక్కరూ అనలేదు. నా మీది మసి చూసి, అరిష్టమని నన్ను పాత ఇనుముకు ఇచ్చేశారు.

నన్ను తాళ్లతో మెట్లు దించుతున్నారు. పైన, నేను నిలబడ్డ చోట గచ్చు ఇంకా తెల్లగానే ఉంది. ఎదురింటాయన అక్కడే ఒక బియ్యం బస్తా దింపి, ఇంకొకటి తెస్తున్నాడు.

"రెండు రోజులేనమ్మా," అన్నాడు.

రాజ్యం కుర్చీని ముందుకు తోసుకుని, మెడలోని టేపు తీసి, దగ్గుతూనే, బస్తా నుంచి గోడకు కొలవడం మొదలుపెట్టింది.