అసలు వంకాయ రంగు

ఇన్ని వంకాయ రంగులా, ఒక్క చీర ఫోటోకి, అని జ్యోతిలక్ష్మికి నవ్వొచ్చింది, అంగడి బల్ల మీద వరసగా నాలుగు మానిటర్లు, నాలుగింటిలోనూ పోయినేడాది తను ధర్మవరంలో తీసిన అదే పట్టుచీర, ఒకదాంట్లో నేరేడుపండులా, ఇంకోదాంట్లో బీట్‌రూట్ ఉడికిన నీళ్లలా, మూడోది కళ్లు జిగేల్‌మనేలా, నాలుగోది మాత్రం ఏ ఆర్భాటమూ లేకుండా కూర్చుంది, ధర చూస్తే అదే అన్నిటికన్నా ఎక్కువ, ఎందుకన్నా అంటే అంగడాయన విష్ణువర్ధన్, ఇది ఉండేది ఉండేటట్ల చూపిస్తాదమ్మా, ఫోటోల పనికి ఇదే, మిగతావి సినిమాలు చూసుకునేదానికి అన్నాడు, ఉన్నది ఉన్నట్టు చూపడానికి ఇంత ధరా, అయినా ఆమె అనంతపురం దాకా బస్సులో వచ్చింది దానికోసమే, ఈ ఫోటో చూసి తెప్పించుకున్నవాళ్లు మూడు నెలల్లో ఆరు చీరలు తిప్పి పంపారు, ఫోటోలో రంగు వేరు, వచ్చిన రంగు వేరని, మొన్న చీరల వ్యాపారి బయ్యన్న ఇంటికొచ్చి వాకిట్లో నిలబడే చెప్పేశాడు, ఇంగొక్కటి తిరిగొస్తే నూలు మిషన్ రంగుకి పంపిచ్చుకుంటానప్పా రామదాసూ, నలభై ఏళ్లుగా పట్టునూలుకి రంగులద్దిన నాయన చేతులు తుడుచుకుంటూ, నా రంగులో తప్పు లేదన్నా, బిడ్డ కంప్యూటర్ పాతదైపోయింది, మంచిది కొనిస్తా అన్నాడు, తనూ తలూపింది, మానిటర్ని తిట్టుకోవడం ఎంత సులువు, అది తిరిగి మాట్లాడదు కదా.

చూద్దాం దీని సంగతి, అని సంచిలోంచి తిరిగొచ్చిన చీర తీసి కొంగు నాలుగో మానిటర్ పక్కన పట్టుకుంది, కలవలేదు, తెర మీద ఎరుపు తిరిగిన వంకాయ, చేతిలో నీలం తిరిగిన వంకాయ, ఇంత దుడ్లు పెడితే ఇదీ అబద్ధమే చెప్తాండాది కదన్నా అంటే అతను కోపగించుకోలేదు, రంగులు కొలిచే చిన్న పరికరం తెరకి ఆనించి అంకెలు చూపించాడు, తెర సరిగ్గానే ఉండాదమ్మా, ఫోటో ఎట్ల తీసినావో చూసుకో అన్నాడు, ఫోటోనా, ఆరోజు పొద్దుటి వెలుతురులో తెల్ల కాగితం పక్కన పెట్టి మరీ తీసింది, ఆరోజు ఇంకేం చేసింది, ఆ చీరకి రంగు వేయగా మిగిలిన నూలుపోగుని ముచ్చటపడి దాచుకుంది కదూ, వెతికితే కెమెరా సంచి లోపలి జేబులోనే ఉంది, తెర పక్కన పెట్టింది, కలిసింది, పోగు ఎక్కడ అయిపోయి ఫోటో ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసింది, చిన్నపిల్లలా సంబరపడింది, ఒక్క క్షణం.

తెర సరే, ఫోటో సరే, పాత పోగూ సరే, మరి ఈమధ్యే రంగేసి నేసిన కొత్త చీరలోకి ఇంత నీలం ఎక్కడిది, బానలో రంగు కలిపేది నాయన ఒక్కడే, మాదిరి నూలు పక్కన పెట్టుకోవడం ఆయనకి నామోషీ, రంగు నా మనసులో ఉండాది అంటాడు, చూసుకుంటూ చిటికెడు చిటికెడు కలుపుతాడు, మరి ఎందుకిలా, ఉన్నట్టుండి ఇంట్లో అమ్మ గొణుగుడు గుర్తొచ్చింది, నీలిమందు ఇంతింత పోస్తాడు మీ నాయన, పంచె ఆకాశం మాదిరి అయినా ఇంకా పసుప్పచ్చగానే ఉండాదంటాడు, నిన్న కొత్త తెల్ల బల్బు పెట్టిస్తే నాయన, ఇదీ పసుప్పచ్చగా వెలుగుతాండాదేమ్మా అన్నాడు, తను నవ్వింది, పాలు చూసి వెన్న రంగొచ్చినాయంటే అమ్మా నవ్వింది, ఇద్దరూ నవ్వారు, ఒక్కరికీ అనుమానం రాలేదు, తెల్లవన్నీ ఆయనకి పసుపే, ఆ పసుపు పోగొట్టడానికే పంచెకి నీలం, నూలుకి నీలం.

ఇదే కట్టమంటావా అమ్మా అని విష్ణువర్ధన్ అడుగుతున్నాడు, ఆమె చీరని మడతలు చెదరకుండా సంచిలో పెట్టుకుంది, ఇందులో నాయన పొరపాటు చేయలేదు, తన కంటికి కనపడిన వంకాయ రంగునే నమ్మకంగా వేశాడు, ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో కూడా ఇప్పుడు తెలిసింది, పాత పోగుని వేలికి చుట్టుకుంటూ, మానిటర్ మళ్లా చూస్తాలేన్నా, ఈడ కంటి ఆసుపత్రి యాడుండాదో చెప్పు, రేపు మా నాయన్ని పిల్చుకొస్తా, అంది.