చప్పట్లు కొట్టకూడని కచేరీ

ఆఖరి కీర్తనకి వచ్చేసరికి ఒటీలియాకి కుడి పాదం మొద్దుబారిపోయింది. ఆ చర్చిలోది కాళ్ళతో తొక్కే హార్మోనియం. కింద రెండు పలకలు, ఒకటి దిగితే ఒకటి లేవాలి. కాలు ఆగిందా, గాలి ఆగి పాట మధ్యలోనే నీరుగారిపోతుంది. ఆదివారం ఫాదర్ గారికి ఉత్సాహం ఎక్కువ కాబట్టి కీర్తనలూ ఎక్కువే. ఆవిడ పళ్ళ బిగువున తొక్కుతూనే ఉంది. ఏళ్ళ తరబడి ఇదే పని కావడంతో ఆవిడ బూట్లు మడమ దగ్గర కాక మునివేళ్ళ దగ్గర అరిగేవి. "మీరు నడవరామ్మా, పొద్దస్తమానం మెట్లెక్కుతూనే ఉంటారా?" అని బూట్లు బాగుచేసేవాడు అడిగితే, "ఎక్కుతూనే ఉంటాను నాయనా, పై అంతస్తే రాదు" అంది.

అదీ ఆవిడ నోరు. ఎముకల మనిషి, ముందుకి పొడుచుకొచ్చిన చుబుకం, చలికి కందిపోయిన వేళ్ళ కణుపులు, ఎప్పటిదో నల్ల టోపీ. ఎదుటివాళ్ళు నవ్వేలా, కొంచెం చురుక్కుమనేలా మాట్లాడడం తప్ప ఇంకోలా మాట్లాడడం చేతకాదు. భర్త లోరెంజ్ ట్రాము నడిపేవాడు. ఒకసారి ముచ్చటపడి నీలం శాలువా కొనుక్కొచ్చి ఎలా ఉందని అడిగితే, "కళ్ళు మూసుకుంటే బాగానే ఉంది" అంది. ఆ శాలువా కప్పుకోకుండా ఒక్క రాత్రీ పడుకోలేదు. ఆ సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. యుద్ధం చివర్లో వచ్చిన విషజ్వరంలో ఆయన పోయాడు, చెప్పాల్సిన మాట ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

ఇవాళ కచేరీ అయ్యాక మాత్రం చెప్పాలి. చర్చి నుంచి జోసెఫ్‌స్టాట్ పేటకి వెళ్ళే ట్రాములో కూర్చుని పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంది. చాలా బాగుంది, అబ్బాయ్. ఆపకు. అంతే కదా, చిన్న మాట. ఎదురు సీట్లో ముసలాయన వింతగా చూశాడు. ఆవిడ తల కిటికీ వైపు తిప్పుకుంది.

ఆ కచేరీలు ఒక బడి హాల్లో జరిగేవి. కొత్త సంగీతం కట్టేవాళ్ళూ, దాని కోసం కొట్టుకుచచ్చేవాళ్ళూ కలిసి పెట్టుకున్న సభ. వియన్నాలో ఇలాంటి సంగీతానికి ఈలలు వేసి కుర్చీలు విరగ్గొట్టిన రోజులు చూసినవాళ్ళు కాబట్టి తలుపు మీద నియమం రాసిపెట్టారు: చప్పట్లు కొట్టకూడదు, ఈల వెయ్యకూడదు. నోరు మూసుకుని వినడం, అర్థం కాకపోతే మళ్ళీ వినడం. అందుకే ప్రతి కృతినీ రెండుసార్లు వాయించేవారు. పెద్ద వాద్యబృందానికి డబ్బెక్కడిది? బాకాలూ పిల్లనగ్రోవులూ లేని లోటంతా ఒటీలియా హార్మోనియమే పూడ్చేది.

ఇవాళ్టి కృతి ఎమెరిక్ అనే కుర్రవాడిది. పొట్టి చేతుల కోటు, గోళ్ళ నిండా సిరా. స్థాయిలో ఉన్న పన్నెండు స్వరాలనీ ఒక వరసలో కూర్చోబెట్టడం వాళ్ళ గురువు నేర్పిన పద్ధతి. పంక్తి భోజనంలోలాగే అందరికీ వడ్డన అయ్యేదాకా ఎవరికీ మారు వడ్డించకూడదు. షడ్జమానికి పెద్దరికం లేదు, పాట తిరిగి చేరుకునే ఇల్లంటూ ఏ స్వరమూ కాదు. మొదటి రోజు వాయించి ఒటీలియా, "ఇది పాటా, మా ఆయన ట్రాము మలుపు తిప్పిన చప్పుడా?" అంది. ఎమెరిక్ పడీపడీ నవ్వాడు. "ఇంకో పదిసార్లు వాయించి తిట్టండి, ఒటీలియా గారూ" అన్నాడు.

పదిసార్లు కాదు, ఇంకా చాలాసార్లు వాయించారు. ఒకనాడు ఉల్లిపాయలు తరుగుతుంటే నోట్లోంచి ఏదో కూనిరాగం వస్తోంది. ఏమిటా అని చూసుకుంటే ఎమెరిక్ కృతి! తర్వాత ఒక సాధనలో, పెద్ద ఫిడేలులాంటి చెల్లో ఆగిపోయి హార్మోనియం ఒక్కటే సన్నగా నిలబడే చోట, ఆవిడకి ఉన్నట్టుండి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. లోరెంజ్ పోయినప్పుడు కూడా రాని నీళ్ళు. ఇల్లు లేని స్వరాలు అంత దయగా ఉంటాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మొన్నటి సాధనలో ఎమెరిక్ అందరి ముందూ తమాషాగా అన్నాడు. "లింజ్‌లో మా మావయ్య తన సబ్బుల ఫ్యాక్టరీలో నాకో కుర్చీ వేసి ఉంచాడు. మా సభ వాళ్ళు దేనికైనా తల ఊపుతారు. ఆదివారం ఒటీలియా గారు బాగుంది అన్నారా, ఇక్కడే ఉంటా. లేదా, సబ్బులు చుట్టుకుంటా." అందరూ నవ్వారు. వాడు నవ్వకుండా తనవైపే చూడడం ఒటీలియా ఒక్కతే గమనించింది.

కృతిని రెండుసార్లూ చక్కగా వాయించారు. రెండోసారి ఆఖరి స్వరం ఆగాక హాలంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. కుర్చీలు జరిగాయి. జనం గొడుగులు వెతుక్కుని, పళ్ళ డాక్టరు దగ్గర్నించి వెళ్ళినట్టు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

మెట్ల దగ్గర ఎమెరిక్ నిలబడి ఉన్నాడు. పక్కనే చెల్లో వాయించే ముసలి షెబెస్టా.

"ఎలా ఉందండీ?" అన్నాడు కుర్రవాడు. మొహం పాలిపోయి ఉంది.

వల్లెవేసిన మాట గొంతు దాకా వచ్చింది. ఒటీలియాకి చెవులు వేడెక్కాయి, పదిమందిలో బట్టలు విప్పమన్నంత సిగ్గేసింది. నోరు దాని అలవాటు అది చేసుకుపోయింది.

"చప్పట్లు కొట్టకూడదని రూలు పెట్టి నీ పరువు కాపాడారు, పో!"

షెబెస్టా ఘొల్లున నవ్వాడు. ఎమెరిక్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. వంగి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. "సరేనండీ" అన్నాడు. మంగళవారం సాధనకి వస్తాడుగా, అప్పుడు సరిగ్గా చెబుదాం అనుకుని ఆవిడ ట్రాము కోసం పరుగెత్తింది.

మధ్యాహ్నం మూకీ సినిమా హాల్లో ఉద్యోగం. తెర మీద లావుపాటి పోలీసు దొంగ వెంటపడుతున్నాడు, కింద ఒటీలియా అక్కడి హార్మోనియం మీద దౌడు వాయిస్తోంది. చీకట్లో తడుముకుంటూ షెబెస్టా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏంటయ్యా, టిక్కెట్టు లేకుండా దూరావా?" అంది ఆవిడ.

"అబ్బాయి వెళ్ళిపోయాడు. రెండింటి రైలుకి."

"ఎక్కడికి?"

"లింజ్‌కి. నువ్వు వెళ్ళగానే కాయితాలన్నీ పోగుచేశాడు. నా భాగమూ, క్లారినెట్టు భాగమూ, మొత్తం కృతి ఉన్న అసలు ప్రతీ. హాల్లో పొయ్యి ఉందిగా, అందులో పెట్టేశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను, ఆగలేదు."

"నేను వేళాకోళానికన్నాను!"

"అదే చెప్పాను. 'ఒటీలియా గారు ఒక్కరే నాకు అబద్ధం చెప్పరు' అన్నాడు."

ఆవిడ చేతులు వాయిస్తూనే ఉన్నాయి. ఆపితే యజమాని ఊరుకోడు. "షెబెస్టా," అంది, "నేను అబద్ధమే చెప్పానయ్యా. అంత బాగున్నది నా జన్మలో వాయించలేదు."

"ఉత్తరం రాయి మరి."

"రాస్తాను. కాలిపోయింది తిరిగొస్తుందా? నీకేమన్నా గుర్తుందా, నీ భాగం?"

షెబెస్టా తల అడ్డంగా ఊపాడు. తెర మీద పోలీసు బురదగుంటలో పడ్డాడు. హాలు హాలంతా విరగబడి నవ్వి, చప్పట్లు కొట్టింది.

ఆట అయిపోయి దీపాలు వెలిగాయి. షెబెస్టా వెళ్ళాడు. చేతిరుమాలు కోసం సంచీలో చెయ్యి పెడితే కీర్తనల పుస్తకానికి అంటుకుని ఒక కాయితం వచ్చింది. పొద్దున్న కచేరీ నుంచి హడావుడిలో తెచ్చేసుకున్న హార్మోనియం భాగం. ఆవిడ దాన్ని ఎదురుగా నిలబెట్టి తొక్కడం మొదలుపెట్టింది. మూడు స్వరాలు పలికాయి. నాలుగోది చెల్లోది, అయిదూ ఆరూ క్లారినెట్టువి. పంక్తిలో మిగతా విస్తళ్ళు ఖాళీ. తన తర్వాతి స్వరం దాకా కాళ్ళు ఆడిస్తూ ఆగింది, పెట్టెలో గాలి ఊరికే తిరిగింది. "చాలా బాగుంది, అబ్బాయ్. ఆపకు" అంది పైకే. ఊడ్చేవాడు వెనక్కి తిరిగి చూశాడు.

రెండో ఆటకి గంట మోగింది. ఆవిడ సినిమా పాటల పుస్తకం తెరిచి ఆ కాయితం మీద పెట్టబోయి, మళ్ళీ ఎందుకో పక్కకి జరిపి పెట్టింది. ఎమెరిక్ రాసిన ఆ ఒక్క పుటలో అక్కడో స్వరం ఇక్కడో స్వరం, మధ్యలో గీతలు గీతలుగా విరామాలు. పై మూలన సిరా చేతులతో వాడు పెట్టిన వేలిముద్ర.