సారు రాసిన జవాబులు

ఆ రోజు మధ్యాహ్నం వంటగది గట్టు తుడిచి, చేతులు ఆరబెట్టుకుని, కాలేజీ మెయిలు తెరిచాను. అది మా ఆయన మెయిలు. ఆయన కాలేజీలో ప్రోగ్రామింగు, వెబ్ డెవలప్‌మెంటు చెప్పే లెక్చరరు. పిల్లలు సందేహాలు అడుగుతూ ఆయనకు రాస్తారు. జవాబులు నేను రాసి కింద ఆయన పేరు పెడతాను. తొమ్మిదేళ్లుగా ఇది నా పని. ఆరిన బట్టలు మడతపెట్టడానికీ, సాయంత్రం టీకి నీళ్లు పెట్టడానికీ మధ్య చేసేది కాబట్టి మా ఇంట్లో ఎవరూ దీన్ని పని అనరు.

అన్నిటికంటే పైన సెమికోలన్ ఉత్తరం ఉంది. రెండో ఏడాది చదువుతున్న ఆ అమ్మాయికి ఆ పేరు నేనే పెట్టుకున్నాను. మొదట్లో ఆమె రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ ఎక్కడో ఒకచోట వరుస చివర పెట్టాల్సిన సెమికోలన్ మరిచిపోయేది. మొత్తం ఆగిపోయిందని, తనకిక ఈ చదువు రాదని పేజీల కొద్దీ రాసేది. ఈసారి మాత్రం మూడే మూడు వాక్యాలు రాసింది.

"సార్, ఈ ప్రాజెక్టు ఎలా చెయ్యాలో మీరే ఓపిగ్గా నేర్పించారు. ఇప్పుడు మీరే నేను దొంగతనం చేశానని కంప్లైంట్ ఇచ్చారు. నేను ఏ సార్‌ని నమ్మాలి?"

కింద కాలేజీ నోటీసు జతచేసి ఉంది. ప్రాజెక్టు ఆమె సొంతం కాదని సబ్జెక్టు లెక్చరరు ఫిర్యాదు చేశారు, ఎల్లుండి పదకొండింటికి ప్రిన్సిపాల్ గదిలో విచారణ, నిజమని తేలితే ఏడాదిపాటు పరీక్షలు రాయనివ్వరు. ఫిర్యాదు చేసినవారి పేరు దగ్గర ఆయన పేరే ఉంది. మూడుసార్లు చదివాను. ఆయన పేరు పెట్టి ఇంకెవరో రాసి ఉంటారని ఒక్క క్షణం అనిపించింది. ఆ వెంటనే నాకే నవ్వొచ్చింది. ఆయన పేరు వాడుకుని రాసే మనిషిని లోకంలో నేనొక్కదాన్నే. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ అమ్మాయి అడిగిన ఇద్దరు సార్లలో ఒకరిని నేను.

ఇదెలా మొదలైందంటే ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. డిగ్రీలో నేను చదివిందీ కంప్యూటర్లే. రెండేళ్లు చదివాక పెళ్లయింది. పెళ్లయిన కొత్తలో ఆయన క్లాసు నుంచి వచ్చి, ఒక ప్రోగ్రాము నడవడం లేదని తల పట్టుకుని కూర్చుంటే, వెనక నిలబడి, "అక్కడ లెక్క సున్నా నుంచి మొదలవ్వాలి కదండీ" అన్నాను. నడిచింది. "భలే పట్టేశావే" అని ఆయన మురిసిపోయాడు. నేను అంతకంటే మురిసిపోయాను. ఆ తర్వాత 'కాస్త ఇది చూడు' మొదలైంది. కాస్త నోట్సు సరిచూడు, కాస్త ప్రశ్నపత్రం తయారుచెయ్యి, కాస్త ఈ అరవై మంది ల్యాబు రికార్డులు దిద్దిపెట్టు. పాప పుట్టాక ఒళ్లో దాన్ని పడుకోబెట్టుకుని ఒంటిచేత్తో టైపు చేసిన రోజులున్నాయి. మా అత్తయ్య అటుగా వెళ్తూ, "కూర్చుని చేసేదీ ఒక పనేనా, ఆ పప్పు కూడా పక్కన పెట్టుకుని ఏరుకోకూడదూ" అనేది. ఏరేదాన్ని కూడా. ఒకసారి ఇంటికొచ్చిన తోటి లెక్చరర్లకు టీ ఇస్తుంటే వాళ్లలో ఒకాయన, "మీ నోట్సు అద్భుతం సార్, అమ్మ పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది" అన్నాడు. మా ఆయన నన్ను చూపించి, "ఏం అమ్మో, మా ఆవిడకి ఫోన్లో అలారం పెట్టడమే రాదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఖాళీ ట్రే తీసుకుని లోపలికి వెళ్లాను. ఆ రోజు నాకు కోపం రాలేదు. భార్యలను ఏడిపించడం మగవాళ్ల సరదా అనుకున్నాను. అందరి మీదా వేసే జోకే కదా అని సర్దుకున్నాను.

సెమికోలన్ ప్రాజెక్టు ఒక ఆసుపత్రికి వెబ్‌సైటు. వాళ్లమ్మ ఓ చిన్న ఆసుపత్రిలో ఆయా. జబ్బు మనుషులు పొద్దున్నే వచ్చి గంటలకొద్దీ నిలబడుతున్నారని, ఇంట్లోంచే ఫలానా సమయానికి వస్తామని పేరు రాసుకునేలా చేద్దామని ఆ అమ్మాయి ఆలోచన. మొదటిసారి చేసినప్పుడు ఒకే పదిన్నర సమయం ఇద్దరికి ఇచ్చేసింది. అప్పుడు నేను రాశాను: 'బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకుంటాం చూడు, అలాగే ఒకరు ఆ సమయం మీద వేలు పెట్టగానే ముందు రుమాలు వెయ్యి, తర్వాత తీరిగ్గా పేరూ ఊరూ అడుగు. వాళ్లు రాయకుండా వెళ్లిపోతే అయిదు నిమిషాలకి రుమాలు తీసెయ్యి.' ఆ అయిదు నిమిషాల సంగతి ఆ అమ్మాయికి ఎంతకీ లొంగలేదు. ఇరవై మూడు ఉత్తరాలు నడిచాయి మా మధ్య. పదిహేడో ఉత్తరంలో వాళ్లన్నయ్య సంగతి రాసింది. ఈ ఏడాది ఒక్క సబ్జెక్టు పోయినా చదువు మానిపిస్తానన్నాడట. చివరికి ఒకనాడు 'వచ్చేసింది సార్' అని రాసింది. ప్రాజెక్టులు దిద్దింది కూడా నేనే. ఇరవైకి పంతొమ్మిది వేశాను. గడిచిపోయిన తేదీలకు కూడా సమయం ఇస్తోందని ఒక్క మార్కు తగ్గించాను. ఆయన ఆ జాబితా కింద సంతకం పెట్టి పట్టుకెళ్లాడు.

ఆ సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుండగానే అడిగాను. "ఆ ఆసుపత్రి ప్రాజెక్టు పిల్ల మీద కంప్లైంట్ ఇచ్చారా?"

"ఓ, మెయిల్ చూశావా. అవును. మా డిపార్ట్‌మెంటు హెడ్ మేడం పంతొమ్మిది ఎవరికొచ్చిందో చూపించమంది. తెరిచి చూస్తే ఏముంది, ఆ పిల్ల రాసే రకమా అది? క్లాసులో నోరెత్తదు. మొత్తం ఎత్తేసింది."

"ఎక్కడి నుంచి ఎత్తేసింది?"

"నా దగ్గర్నుంచే" అన్నాడు, టీ కప్పు అందుకుంటూ. "చూడగానే గుర్తుపట్టాను. ప్రతి నాలుగు వరుసలకీ పైన మామూలు మాటల్లో వివరణ రాయడం నా పద్ధతి. పైగా ఆ ముక్కకి పేరేం పెట్టిందో తెలుసా, రుమాలు. ఆ రుమాలు నాది. మూడేళ్లుగా నా నోట్సులో ఉంది. ఎంత ధైర్యం చూడు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. దొరికిపోయిన మనిషి బెదురు కోసం వెతికాను, నాతో కళ్లు కలపలేకపోవడం కోసం వెతికాను. ఏమీ లేవు. తన వస్తువు పోగొట్టుకున్న మనిషి బాధ ఉంది, అంతే. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే మరిచిపోయాడు. ఇన్నేళ్లూ నా మాటలు ఆయన తీసుకుంటున్నాడని నాకు తెలుసు, అది నాకు పెద్ద దెబ్బ కాదు. కానీ తీసుకుంటున్నప్పుడు, ఇవి మా ఆవిడవి అని లోపల ఎక్కడో ఒక మూల అయినా ఆయనకు తెలిసే ఉంటుందని అనుకున్నాను. ఆ మూల కూడా లేదు.

"ఆ నోట్సు ఎవరు రాశారండీ?" అన్నాను.

"ఎవరు రాయడమేంటి, నేను చెబితే నువ్వు టైపు చేశావు."

"రుమాలు మీరు చెప్పారా?"

"ఇప్పుడు అదంతా దేనికి?" అన్నాడు విసుగ్గా. "నేను క్లాసులో చెప్పేదే కదా నువ్వు అటూ ఇటూ మార్చి రాసేది. మొగుడి పేరు బాగుంటే నీకు సంతోషం కాదా?"

"ఆ పిల్ల దొంగతనం చెయ్యలేదు. ఇరవై మూడు ఉత్తరాలున్నాయి. తప్పులన్నీ తనే చేసింది, తనే దిద్దుకుంది. కంప్లైంట్ వెనక్కి తీసుకోండి."

"తీసుకుని ఏం చెప్పను, మా ఆవిడ మార్కులు వేసిందనా? ఆ పిల్లకి ఏడాదే పోయేది. నాకు పరువు పోతుంది." కప్పు కింద పెట్టాడు. పక్క గదిలోంచి అత్తయ్య, "ఎవరి పిల్లో ఏదో చేస్తే మన ఇంట్లో గొడవ దేనికమ్మా, వాడిని కాసేపు కూర్చోనివ్వు" అంది.

కూర్చోనిచ్చాను.

విచారణ రోజు ఆయన వెళ్లిన గంటకు నేను బయల్దేరాను. ఇరవై మూడు ఉత్తరాలూ, వాటికి నేను రాసిన జవాబులూ, ఆ అమ్మాయి మధ్యమధ్య పంపిన నడవని ప్రోగ్రాములూ అన్నీ కాగితాల మీద తీసుకున్నాను. వీధి చివర షాపులో ప్రింటు తీసినవాడు, "థీసిసా మేడం?" అన్నాడు. కాదన్నాను. కాలేజీ వార్షికోత్సవాలకు రెండుసార్లు వెళ్లాను గానీ మేడ మీదికి ఎప్పుడూ ఎక్కలేదు. వరండాలో ల్యాబు తలుపు తెరిచే ఉంది. వరుసగా బల్లలు, మానిటర్ల ముందు పిల్లలు, బోర్డు మీద సగం చెరిపేసిన ప్రోగ్రాము. అందులో ఒక వరుస నాది. నేను వంటింట్లో రాసిన వాక్యం అంత పెద్ద అక్షరాల్లో ఇంతమంది ముందు ఉంటుందని నాకు ఊహకే రాలేదు.

ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద ఒక్కతే కూర్చుంది సెమికోలన్, ఎప్పుడూ చూడకపోయినా తెలిసిపోయింది. బక్కపలచటి పిల్ల, గోళ్లు కొరికి కొరికి వేళ్ల చివర్లు ఎర్రబడ్డాయి. పక్కన కూర్చుని, "లోపలికి పిలిచారా?" అన్నాను.

"ఇంకా లేదండీ. మీరెవరు?"

"మీ సారు భార్యని."

ఆమె చటుక్కున లేచి నిలబడింది. "మేడం, నేను నిజంగా కాపీ కొట్టలేదు. సారే చెప్పారు. ఉత్తరాల్లో ఎంత బాగా చెబుతారో, క్లాసులో అడిగితే మాత్రం అసలు నేనెవరో తెలియనట్టు చూస్తారు. నేనేం తప్పు చేశానో..."

"నువ్వేం తప్పు చెయ్యలేదు" అన్నాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

బల్ల వెనక ప్రిన్సిపాల్, పక్కన కళ్లద్దాలు పైకి తోసుకున్న హెడ్ మేడం, ఎదురుగా మా ఆయన. నన్ను చూడగానే ఆయన సగం లేచి, "ఏమైంది, ఇంట్లో గ్యాస్ ఏమైనా..." అన్నాడు. తొమ్మిదేళ్లలో నేను ఆయన ఉద్యోగంలోకి వచ్చే కారణం ఆయనకు అదొక్కటే తోచింది.

కాగితాలు బల్ల మీద పెట్టాను. "ఆ అమ్మాయి ప్రాజెక్టు ఎలా తయారైందో ఇందులో ఉంది. మొదటి రోజు నుంచీ వరసగా ఉంది."

హెడ్ మేడం ఒక్కో కాగితమే తిప్పింది. చివరిదాకా చూశాక ఆవిడ మా ఆయన వైపు తిరిగింది. "సార్, ఇంత వివరంగా మీరే జవాబులు రాసి, మళ్లీ కాపీ అని ఎలా రాశారు? సరే, ఈ ఒక్కటి చెప్పండి. రుమాలు వేశాక మనిషి వెళ్లిపోతే, అయిదు నిమిషాలయిందని దీనికి ఎలా తెలుస్తోంది?"

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత తల ఎత్తి, ఇంట్లో మాట దొరకనప్పుడు చూసినట్టే నా వైపు చూశాడు. నాకు జవాబు తెలుసు, నాలుక చివరే ఉంది. అలవాటుగా పెదవులు కదలబోయాయి కూడా. ఆపుకున్నాను. నా ఒంట్లో ఇంత మొండితనం ఎక్కడుందో నాకే తెలియదు.

"బయట కూర్చున్న అమ్మాయిని అడగండి" అన్నాను.

పిలిచారు. ఆమె బల్ల ముందు నిలబడి తడుముకోకుండా చెప్పింది. రుమాలు వేసిన నిమిషం రాసిపెట్టుకుంటానంది. తర్వాత ఎవరు వచ్చి అదే సమయం అడిగినా ముందు ఆ నిమిషం చూసి, అయిదు దాటితే పాతవాళ్లది తీసేసి వీళ్లకిస్తానంది. అడగకుండానే, పాత తేదీల తప్పు కూడా చెప్పి, దాన్ని ఇప్పుడు ఎలా సరిచేసిందో చెప్పింది. హెడ్ మేడం కళ్లద్దాలు కిందికి దించుకుని, ఆ పిల్లని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ప్రిన్సిపాల్ ఫిర్యాదు కాగితం మీద అడ్డంగా గీత గీసి, "పంతొమ్మిదీ అలాగే ఉంటాయి. వెళ్లమ్మా, క్లాసుకి వెళ్లు" అన్నాడు.

ఆమె గుమ్మం దాటబోతుంటే ప్రిన్సిపాల్ నన్ను అడిగాడు. "మరి ఈ ఉత్తరాలు ఎవరు రాశారమ్మా?"

"నేను రాశాను. నోట్సు కూడా నేనే రాశాను. ఆ పంతొమ్మిది మార్కులూ నేనే వేశాను."

గుమ్మంలో ఆగిపోయిన సెమికోలన్ వెనక్కి తిరిగింది. నా వైపు, మా ఆయన వైపు, మళ్లీ నా వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

ఆయనను నాలుగు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. జరిగింది జరిగినట్టు నన్ను కూడా నా పేరుతో రాసివ్వమన్నారు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆయన మాట్లాడలేదు. అత్తయ్య కంచాలు కాస్త గట్టిగా పెట్టింది. నేను కూరగాయలు తరిగాను, పాప జడ వేశాను, మధ్యాహ్నం కాలేజీ మెయిలు తెరవలేదు. ఒక తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి వాక్యానికే గంట పట్టింది. ఆయన పేరుతో పేజీలకు పేజీలు రాసిన చేతికి, 'నేను' అని రాయడం చేతకాలేదు.

మూడో రోజు సాయంత్రం ఆయన గదిలోకి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. క్షమించమంటాడనుకున్నాను. ఆ మాటకు నేనేమనాలో కూడా ఒక్క క్షణంలో ఆలోచించుకున్నాను.

"ఆ సంజాయిషీ రేపటికల్లా ఇవ్వాలి" అన్నాడు. "ఎలా మొదలుపెట్టాలో తోచడం లేదు. నీకైతే మాటలు బాగా కుదురుతాయి. కాస్త రాసిపెట్టవూ."

వెక్కిరింపేమోనని ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"రాస్తున్నానండీ" అన్నాను. "మీది కాదు, నాది."