మొదటి బెంచీ పళ్ళు

మూడో తరగతి లెక్కల టీచరుకి కోపం ముక్కు మీదే ఉంటుందని స్కూల్లో అందరికీ తెలుసు. ఆవిడ చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగిందంటే ఆ పూట ఎవరికో మూడిందన్నమాటే. అయినా పిల్లలు ఆవిడ పీరియడు కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. దానికి కారణం ఆవిడ బల్ల సొరుగులో ఉండే గుండ్రటి రేకు డబ్బా.

ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పినా, నోటిలెక్కకి అందరికంటే ముందు జవాబు చెప్పినా ఆ డబ్బా మూత టప్పుమని తెరుచుకునేది. టీచరు ఒక టాఫీ తీసి, ఆ పిల్లో పిల్లాడో చాచిన అరచేతిలో పెట్టి, తన చేత్తోనే వాళ్ళ వేళ్ళు మూసి, "భేష్!" అనేది. ఆ భేష్ పక్క క్లాసుకి కూడా వినిపించేది. పిల్లలు ఆవిడకి డబ్బా టీచరని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, తెలియనట్టు ఉండటమూ తెలుసు.

ఇంకో పద్ధతి కూడా ఉందావిడకి. బెంచీల్లో కూర్చునేది మార్కుల వరుసలోనే. మొదటి బెంచీలో మొదటివాడు మైకు. ప్రశ్న ఇంకా టీచరు నోట్లో ఉండగానే వాడు జవాబు అరిచేస్తాడు కాబట్టి ఆ పేరు. ఆఖరి బెంచీలో గోడవారగా కూర్చునే పిల్ల నిదానం. స్కూలు పక్క వీధి దర్జీ కూతురు. ఆ పిల్లకి జవాబు రాదని కాదు, అది వచ్చి నోటిదాకా చేరేసరికి ఎవరిదో ఒకరి టాఫీ సగం కరిగిపోయి ఉండేది. స్కూళ్ళు తెరిచిన దగ్గర్నుంచి ఆ పిల్ల చేతిలో ఒక్క టాఫీ పడలేదు. టీచరుకి ఆ విషయం తట్టనే లేదు.

ఇలా ఉండగా పిల్లల పళ్ళు చూడటానికి పళ్ళ డాక్టరు వచ్చింది. ఆవిడ మరెవరో కాదు, టీచరుకి సొంత మేనకోడలు, చిట్టి. చిన్నప్పుడు అత్త దగ్గర ఎక్కాలు నేర్చుకుని, నెత్తిన మొట్టికాయలు తిన్న పిల్ల. ఇప్పుడు తెల్లకోటు వేసుకుని, చేతిలో చిన్న టార్చిలైటూ పుల్లకి బిగించిన బుల్లి అద్దమూ పట్టుకుని, మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టింది.

"చూడు చిట్టీ, మా మొదటి బెంచీ అంటే స్కూలుకే తలమానికం" అంది టీచరు, చేతులు కట్టుకుని.

చిట్టి మైకు నోట్లోకి చూసింది. వాడి పక్కవాణ్ణి చూసింది. ఆ పక్కపిల్లని చూసింది. ఆమె వెంట వచ్చిన నర్సు ఏదో రాసుకుంటూనే ఉంది. రెండో బెంచీ దాటి మూడో బెంచీకి వచ్చేసరికి రాత తగ్గింది. ఆఖరి బెంచీలో నిదానం "ఆ" అని నోరు తెరిస్తే చిట్టి టార్చి వేసి చాలాసేపు చూసి, "ఎంత ముద్దుగా ఉన్నాయే తల్లీ నీ పళ్ళు!" అని బుగ్గ నిమిరింది.

పిల్లలు ఆటకి వెళ్ళాక చిట్టి అత్త దగ్గరకొచ్చి కూర్చుంది.

"అత్తా, నాకొకటి అర్థం కావట్లేదు. నీ క్లాసులో ముందు నుంచి వెనక్కి వెళ్ళేకొద్దీ పళ్ళు బాగుపడుతున్నాయేంటి? ఫస్టొచ్చేవాడి నోట్లో అన్నీ పిప్పి పళ్ళే. ఆఖరి బెంచీ పళ్ళేమో ముత్యాలు."

"చదువుకునేవాళ్ళకి పళ్ళు తోముకునే తీరిక ఉండదేమోలే" అని నవ్వబోయింది టీచరు. నవ్వుతూనే, అలవాటు కొద్దీ సొరుగు లాగి, డబ్బా మూత తీసి మేనకోడలి ముందు పెట్టింది. "ఇంద, నువ్వూ ఒకటి తీసుకో."

చిట్టి డబ్బాలోకి చూసింది. తర్వాత అత్త ముఖంలోకి చూసింది.

"ఇవి ఎవరికిస్తావత్తా?"

టీచరు ఖాళీగా ఉన్న మొదటి బెంచీ వైపు చూసింది. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, ఈ లెక్క తేలడానికి ఎంతసేపు పడుతుంది? ఎవరు బాగా చదివితే వాళ్ళ పళ్ళు తన చేత్తో తనే పాడుచేసింది. భేష్ అని మరీ పాడుచేసింది.

"పోనీలే, పాలపళ్ళే కదా. ఊడిపోయి మళ్ళీ వస్తాయిగా?" అంది, గొంతు తగ్గించి.

"ఆ మైకుగాడికి వెనక దవడ పన్ను పుచ్చింది చూడు, అది పాలపన్ను కాదత్తా. ఆరేళ్ళప్పుడు వచ్చింది. ముసలాడయ్యేదాకా వాడికి అదే దిక్కు. పోతే మళ్ళీ రాదు. వాళ్ళమ్మకి చెప్పి క్లినిక్కి పంపించు, ఇప్పుడైతే బాగుచేయొచ్చు." చిట్టి సామాన్లు సర్దుకుంటూ ఇంకా చెప్పింది. "పొద్దస్తమానం నోట్లో తీపి నానుతూ ఉంటే ఏ పన్ను ఆగుతుంది? తిన్నాక నీళ్ళతో పుక్కిలించమను. పొద్దున్నా, రాత్రి పడుకోబోయే ముందూ తోముకోమను. రాత్రిది మాత్రం మానొద్దను. పరీక్షలయ్యాక మళ్ళీ వస్తా. అప్పటికి ఒక్క కొత్త పిప్పి పన్ను కనిపించినా నీకే మొట్టికాయ."

"ఒక్కటి కనిపించినా నా నెత్తి నీకిస్తా, పో" అంది టీచరు. అన్నాక ఆగే మనిషి కాదు. డబ్బా పట్టుకెళ్ళి టాఫీలన్నీ చెత్తబుట్టలో కుమ్మరించింది. ఖాళీ డబ్బాలో సుద్దముక్కలు పోసింది.

మర్నాడు క్లాసులో ఉన్నమాట చెప్పేసింది. "టాఫీలు ఇవ్వడం నాదే తప్పు. మీ పళ్ళు పుచ్చాయంటే అందులో నా చేయి ఉంది. ఇక టాఫీలు లేవు. అడిగినవాళ్ళ వీపు విమానం మోత మోగుతుంది."

వీపులు మోగలేదు కానీ క్లాసు మోగడం మానేసింది. పన్నెండో ఎక్కం ఎవరు చెప్తారంటే ఒక్క చెయ్యి లేవదు. మొదటి బెంచీ మొత్తం మూతి ముడుచుకు కూర్చుంది. మైకు సైతం నోరు మెదపడు. వాడి దవడ వాచింది, అది వేరే సంగతి. వాడి అమ్మని గేటు దగ్గర పట్టుకుని టీచరు వెంటపడి క్లినిక్కి పంపించింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలందరినీ కుళాయిల దగ్గరికి తోలుకెళ్ళేది. "పుక్కిలించండి. మింగడం కాదురా, పుక్కిలించు!" వాళ్ళు ఒకరి మీద ఒకరు ఉమ్ముకునేవాళ్ళు. టీచరు చీర కుచ్చిళ్ళు రోజూ తడిసేవి. తనూ వాళ్ళతోపాటు బుగ్గలు ఉబ్బించి పుక్కిలించి చూపించేది. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, నోళ్ళు శుభ్రపడుతున్నాయి కదా అనుకునేది. పొద్దున హాజరు పిలిచేటప్పుడు కూడా "ఉన్నానండి" అంటే చాలదు, "రాత్రి తోముకున్నానండి" అనాలి. అబద్ధం చెప్పేవాళ్ళని కళ్ళలోకి చూసి ఇట్టే కనిపెట్టేసేది.

నోళ్ళ సంగతి అలా దారిన పడింది కానీ చేతులు మాత్రం లేవలేదు. హెడ్మాస్టరు వరండాలో ఆపి మరీ అడిగాడు.

"ఏంటమ్మా, మీ క్లాసు ఇంత చప్పబడిపోయింది? పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. నా మాట విని ఆ డబ్బా బయటికి తీయండి. పళ్ళదేముంది, వాళ్ళ ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు."

"పాడుచేసింది నేను సార్. ఇంట్లోవాళ్ళు ఎందుకు చూసుకుంటారు?" అంది టీచరు. "డబ్బాలో సుద్దముక్కలున్నాయి. కావాలంటే చెప్పండి, తలా ఒకటి పెడతా."

హెడ్మాస్టరు కళ్ళజోడు సర్దుకుని వెళ్ళిపోయాడు. అలా అందే గానీ ఆ రోజు ఇంటికి నడుస్తూ టీచరుకి ఏడుపొచ్చినంత పనైంది. టాఫీ లేకపోతే తన చదువుకి రుచే లేదా? ఇన్నేళ్ళూ చేతులు లేచింది తన కోసం కాదా, డబ్బా కోసమా? ఆ ఆలోచన ముల్లులా గుచ్చుకుంది. అయినా సరే, డబ్బా ముట్టుకోనని పళ్ళు బిగించి మరీ అనుకుంది.

ఆ వారంలోనే ఒక రోజు, ఎప్పటిలాగే "పన్నెండో ఎక్కం?" అని అడిగి, ఎవరూ లేవరని తెలిసి నల్లబల్ల వైపు తిరిగింది. వెనక నుంచి బెంచీ కిర్రుమంది. నిదానం నిలబడి ఉంది.

"పన్నెండు ఒకట్లు పన్నెండు" అంది.

మామూలుగా అయితే ఆ పిల్ల మూడో మెట్టులో ఉండగా ఎవరో ఒకరు అందుకుని పూర్తిచేసేవాళ్ళు. ఈసారి అందుకుంటే వచ్చేదేమీ లేదు కాబట్టి ఎవరూ అందుకోలేదు. నిదానం గోడ వైపు చూస్తూ, ఒక్కో మెట్టుకీ వేళ్ళు ముడుస్తూ, మధ్యలో ఆగుతూ, ఆగిన ప్రతిసారీ మళ్ళీ మొదలవుతూ చెప్పుకుపోయింది. టీచరు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పన్నెండు పదులు నూట ఇరవై" అని, ఆ పిల్ల తిన్నగా బల్ల దగ్గరకొచ్చి అరచేయి చాచింది.

క్లాసంతా మెడలు చాచి చూసింది.

అప్పుడు తట్టింది టీచరుకి, ఈ పిల్ల చెయ్యి ఈ బల్ల దగ్గరికి రావడం ఇదే మొదటిసారని. ఈ పిల్ల పళ్ళు ఎందుకు ముత్యాల్లా ఉన్నాయో చిట్టి వచ్చిన రోజే తెలిసింది. తెలిసి కూడా పళ్ళ గురించే ఆలోచించింది గానీ పిల్ల గురించి ఆలోచించలేదు. సొరుగు లాగింది. సుద్దముక్కల డబ్బా వెనక, మూలన, ఎప్పుడు పడిపోయిందో ఒక్క టాఫీ ఇరుక్కుని ఉంది. ఇస్తే మాట తప్పినట్టు. ఇవ్వకపోతే అన్యాయం.

"టాఫీలు లేవన్నారు కదా టీచర్!" అని ఎవరో అరిచారు.

"నోర్ముయ్యిరా" అన్నాడు మైకు, బాగుచేయించుకున్న పన్ను వైపు బుగ్గ పట్టుకుని. "ఇవ్వండి టీచర్. దానికి ఎప్పుడూ ఇవ్వలేదు."

ఆఖరికి వాడికీ తెలుసన్నమాట, తనకి తప్ప. టీచరు టాఫీ తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "భేష్" అంది. అది పక్క క్లాసుకి వినపడలేదు. "అన్నంతోపాటు తిను. తిన్నాక బాగా పుక్కిలించు. ఈ డబ్బా వంశంలో ఇదే ఆఖరిది, ఇంకెవరూ అడక్కండి."

మధ్యాహ్నం కుళాయిల దగ్గర చూస్తే నిదానం గుప్పిట ఇంకా మూసే ఉంది. పక్క క్లాసు పిల్లలకి, ఆయాకి, నీళ్ళు పట్టుకునే తోటమాలికి గుప్పిట విప్పి చూపించి మళ్ళీ మూసుకుంటోంది.

"తినలేదేంటే?"

"తింటే అయిపోతుంది కదా టీచర్" అంది నిదానం. "అయిపోతే నేను ఎక్కం చెప్పానని మా నాన్న నమ్మడు."

టీచరు కొంగుతో చేతులు చాలాసేపు తుడుచుకుంది. "సరే, సాయంత్రం నేను చూసుకుంటా" అంది.

సాయంత్రం గేటు దగ్గర అమ్మానాన్నలు గుమిగూడి ఉన్నారు. లెక్కల టీచరు గేటు దాకా వచ్చిందంటే ఎవరి మీదో ఫిర్యాదు ఉందని లెక్క. ఆవిడ విసవిసా వస్తుంటే అందరూ పక్కకి తప్పుకుని, బతికాంరా అనుకున్నారు. ఆవిడ సరాసరి దర్జీ ముందుకి వెళ్ళి ఆగింది. మెడలో కొలత టేపుతోనే వచ్చిన ఆయన ముఖం పాలిపోయింది.

"ఈసారికి వదిలేయండి టీచర్. ఇంట్లో చదివిస్తూనే ఉన్నాను. దాని బుర్రే అంత..."

"ఎవరి బుర్ర ఎంత?" అని గద్దించింది టీచరు. "మీ అమ్మాయి ఈరోజు పన్నెండో ఎక్కం ఒక్క తప్పు లేకుండా చెప్పింది. క్లాసులో ఒక్కరూ లేవలేదు, ఇదొక్కతే లేచింది. ఇంకో మాట. నా క్లాసంతటిలో అందరికంటే మంచి పళ్ళు దీనివే. డాక్టరే చెప్పింది. ఇలాగే కాపాడుకోండి."

దర్జీ టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. "ఇంకోసారి చెప్పండి టీచర్" అన్నాడు.

టీచరు ఇంకోసారి చెప్పింది. ఈసారి వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది. జనం తిరిగి చూశారు. మైకు వాళ్ళమ్మ చెయ్యి గుంజుతూ, "టీచర్, రేపు పదమూడో ఎక్కం చెప్తే మా అమ్మకి కూడా ఇలాగే చెప్తారా? గట్టిగా?" అని అడిగాడు. "రాత్రి పళ్ళు తోముకుని వస్తేనే" అంది టీచరు. "నాకూ టీచర్, నాకూ" అని గేటు నిండా చేతులు లేచాయి. డబ్బా మూసిన తర్వాత అన్ని చేతులు చూడటం ఆవిడకి అదే మొదలు.

అప్పుడు ఎవరో కొంగు లాగారు. నిదానం.

"చెయ్యి చాపండి టీచర్."

టీచరు చాపింది. ఆ పిల్ల చెమటకి తడిసిన టాఫీని ఆవిడ అరచేతిలో పెట్టి, ఒక్కో వేలూ జాగ్రత్తగా మూసి, ఆఖరి బెంచీలోంచి అన్నాళ్ళూ చూసి నేర్చుకున్నట్టే, "భేష్" అంది.