తమరికి శ్రమ కాకపోతే

ఆ ఆఫీసులో అందరూ ఆమెను పంతులమ్మ అనేవాళ్లు. నేర్చుకున్న స్పానిష్ వాక్యాలన్నీ గళ్ల నోటుపుస్తకంలో రాసుకుని, కాల్‌కీ కాల్‌కీ మధ్య పెదవులు కదుపుతూ వల్లె వేస్తుంది కాబట్టి ఆ పేరు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తనే. నాన్న దర్జీ. ఆరు నెలల ప్రొబేషన్ ఇవాళ్టితో అయిపోతుందని, రేపట్నుంచి కూతురిది పర్మినెంటు ఉద్యోగమని, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లందరికీ ఆయన ముందే చెప్పేశాడు.

మార్కులకు ఎంచే కాల్ ఇక ఒక్కటే మిగిలింది. దానికి తొంభై దాటాలి.

సముద్రం అవతల గ్యాసు గీజర్లు కొన్నవాళ్ల ఫిర్యాదులు స్పానిష్‌లో విని, సలహా చెప్పడం ఆమె పని. అద్దాల గదిలో కూర్చుని మార్కులాయన వింటాడు, చీటీ నింపుతాడు. ఆయన దృష్టిలో కస్టమరుకు ఆజ్ఞ ఇవ్వడాన్ని మించిన తప్పు లేదు. ‘చేయండి’ అనకూడదు. ‘తమరు చేయగలిగితే’, ‘చేసేంత దయ ఉంటే’ అనాలి. అందుకు స్పానిష్‌లో క్రియను వేరే తీరున మలచాలి. పంతులమ్మకు అది కొట్టిన పిండి.

“ఇదొక్కటీ గట్టెక్కించు,” అంది పక్క సీటు వదిన. ఆవిడ ఎవరికీ వదిన కాదు. అందరినీ ఆటపట్టిస్తుందని ఆ వరస కలిపారు. “మరీ వంగి వంగి మాట్లాడకు, నడుం పట్టేస్తుంది.”

కాల్ వచ్చింది. ముసలావిడ గొంతు. గీజరు బుస్సుమంటోందట, ఇల్లంతా ఏదో వాసనట. ఇంట్లో ఒక్కర్తే ఉందట.

పంతులమ్మ నిటారుగా కూర్చుంది. “తమరికి శ్రమ కాకపోతే, గీజరు కిందున్న గ్యాసు వాల్వు కట్టేసి, కాసేపు బయటికి వెళ్లేంత దయ చూపగలరా?”

“ఎంత ముద్దుగా అడిగావు తల్లీ. మా కోడలు కూడా నాతో ఇలా మాట్లాడదు. అలాగే చేద్దాంలే. ముందు పొయ్యి వెలిగించి పాలు కాచుకోనీ.”

వెలిగించకండి అన్న మాట నోటిదాకా వచ్చింది. అద్దం వెనక మార్కులాయన పెన్ను కదిలింది. మాట మింగి, మళ్లీ మలిచింది. “తమరు ఆ పొయ్యి వెలిగించకుండా ఉండగలిగితే, మేమెంతో సంతోషిస్తాం.”

“పిచ్చిపిల్లా, నా పాలతో నీకు సంతోషమేంటి? లైన్లోనే ఉండు, వచ్చేస్తా.”

ఫోను చెక్క మీద పెట్టిన చప్పుడు. ఈడ్చుకుంటూ వెళ్తున్న చెప్పుల చప్పుడు.

“వెలిగించకండి,” అని అరిచింది పంతులమ్మ. చుట్టూ తలలన్నీ తిరిగాయి. “బయటికి వెళ్లండి. వెళ్లిపోండి.”

చెప్పులు వెనక్కి రాలేదు. కాసేపటికి లైను కట్టయింది.

అక్కడి ఫోన్లు వచ్చిన కాల్ ఎత్తడానికే తప్ప బయటికి చేయడానికి పనికిరావు. తెర మీద కనిపించేది నంబరులో చివరి మూడంకెలే: నాలుగు, సున్నా, ఏడు. ఆమె సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తింది.

“అర్జెంటని రాసి పంపానమ్మా. అక్కడి బ్రాంచివాళ్లు చూసుకుంటారు.”

“ఎప్పుడు సార్?”

“వరసలో.”

తిరిగొచ్చేసరికి బల్ల మీద చీటీ ఉంది. తొంభై ఆరు. మార్కులాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. “చివర్లో గొంతు పెంచావు. అప్పటికి కస్టమరు ఫోను దగ్గర లేదు కాబట్టి నాలుగే తగ్గించాను. మర్యాదకు మాత్రం పూర్తి మార్కులు.”

విరామంలో నాన్న ఫోన్ చేశాడు. “అయిందా అమ్మా?”

“అయింది నాన్నా.”

“మరి గొంతేంటి అలా ఉంది?”

“ఏం లేదు. చాలాసేపు మాట్లాడాను.”

అటువైపు ఎవరో ఆయన్ని అభినందిస్తున్నారు. ఫోను పెట్టేసింది. వదిన మంచినీళ్ల సీసా మూత తీసి ఇటు జరిపింది.

ఇంకో కాల్ వచ్చిందని పచ్చదీపం వెలిగింది. పంతులమ్మ ఎత్తేముందు తెర మీది అంకెలు చూసింది. రెండు, ఎనిమిది, ఒకటి. తర్వాతి దానికీ చూసింది, ఆ తర్వాతి దానికీ.